మేనరికము - జన్యువుల లెక్క

మన్సూరాబాదులోనేమి, మారుమూల పల్లెలోనేమి, పురిటింట పెద్దలనెడి మాట ఒక్కటే: "బిడ్డకు మేనత్త పోలిక వచ్చినది!" పోలికతోపాటు కంటికి కానరానివియు వంశమున దిగివచ్చును.

జన్యువులు సాధారణముగా జంటలుగా నుండును; ఒకటి తల్లినుండి, ఒకటి తండ్రినుండి లభించును. తలసీమియా అను రక్తవ్యాధి సంగతి చూడుడు. జంటలో ఒకటే చెడినచో మనిషి ఆరోగ్యముగనే తిరుగును. తనలోని దోషమును తానెరుగడు. అట్టి యిరువురు దంపతులైనచో, ప్రతి కాన్పునందును నాల్గింట ఒకవంతు బిడ్డకు వ్యాధి వచ్చు అవకాశము కలదు. తొలిబిడ్డకు వచ్చినది గనుక తరువాతివారికి రాదనుట పొరపాటు. ప్రతి కాన్పునకును లెక్క మరల మొదటికి వచ్చును.

మేనమామ మేనకోడండ్రకు సగటున నాల్గింట ఒకవంతు, మేనబావ మరదండ్రకు ఎనిమిదింట ఒకవంతు జన్యువులు ఉమ్మడిసొత్తు. తాతనాటి దోషమొకటి ఇరువైపులనుండి వచ్చి బిడ్డయందు కలియు అవకాశము అందుచేతనే హెచ్చును. 1957లో మన దేశమునకు వచ్చి స్థిరపడిన హాల్డేను పండితుని శిష్యులు, పిఠాపురమున జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావుగారు, 1960 ప్రాంతమున ఆంధ్రదేశపు మేనరికములను శాస్త్రీయముగా పరిశీలించిరి.

ఇట్టి బిడ్డ కలిగినపుడు కోడలిని నిందించి పుట్టింటికి పంపుట ఎంతటి అన్యాయము! దోషము ఇరువురినుండియు వచ్చినది. తప్పు ఏ ఒక్కరిదియు కాదు. దోషమును మోయుచున్నవారెవరో రక్తపరీక్షవలన తెలియును. మన్సూరాబాదునకు చేరువనున్న ఉప్పలులోనే వంశపారంపర్య వ్యాధులను పరిశోధించు డి.ఎన్.ఎ. కేంద్రము కలదు. జాతకములు చూపించుట మీ యిష్టము. శుభలేఖలు అచ్చువేయించుటకు ముందు రక్తమును మాత్రము తప్పక చూపింపుడు.