మల్లన లెక్కలో ఆరు మెట్లు

లెక్కలంటే పిల్లలకున్న భయం పోగొట్టడానికే బతికిన ఒక మాస్టారి పేరిట, ఆయన ఊరు వెలుగోడులో నన్ను మాట్లాడమన్నారు. ఆయనకిష్టమైన పద్ధతిలోనే ఒకే ఒక్క సంఖ్యను పట్టుకుంటాను: 1,84,46,74,40,73,70,95,51,615. తెలుగులో పద్యమైన సంఖ్య ఇది.

మహావీరాచార్యుడు తొమ్మిదో శతాబ్దంలో, రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో, సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన దాన్ని తెలుగు చేశాడు. మల్లన పేరు వినగానే మనకు గుర్తొచ్చేది చదరంగం పద్యం. మొదటి గడిలో ఒకటి, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా ఇబ్బడిస్తూ 64 గళ్ళూ నింపితే మొత్తమెంత? జవాబులోని 20 అంకెలనూ ఒకట్ల స్థానం నుంచి వరసగా చెప్పాడాయన. బాణమంటే ఐదు, ఆకాశమంటే సున్నా, వేదమంటే నాలుగు, ఏనుగంటే ఎనిమిది. దాదాపు ఆ రోజుల్లోనే అల్‌ బిరూనీ అనే పండితుడు కూడా ఇదే మొత్తం తేల్చాడు.

ఎంత పెద్దదో మన నంద్యాల సోనా వడ్లతోనే చూద్దాం. వెయ్యి గింజలు సుమారు 15 గ్రాములు తూగుతాయి. ఆ లెక్కన మల్లన చెప్పినన్ని గింజలు 27 వేల కోట్ల టన్నులు దాటుతాయి. 17 టీఎంసీల మన వెలుగోడు జలాశయం లాంటివి దాదాపు వెయ్యి కావాలి, ఆ వడ్లు పోయడానికి.

కానీ నన్ను కట్టిపడేసింది దాని పరిమాణం కాదు, లోపలి కట్టడం. 63 సార్లు ఇబ్బడించే పని లేకుండా మహావీరుడు దారి చూపాడు: పదాల సంఖ్యను సగం చేస్తూ పోవాలి, ఎన్నిసార్లు సగమైతే అన్నిసార్లు వర్గం చేయాలి. 64 ఆరుసార్లు సగమై ఒకటికి దిగుతుంది. కాబట్టి ఆరు వర్గాలు: 2 నుంచి 4, 16, 256, 65536, 4294967296, ఆపైన 18446744073709551616. ఇందులో ఒకటి తీసేస్తే మల్లన సంఖ్య.

ఇప్పుడు చివరిది వదిలి, మిగతా ఆరు మెట్లకూ ఒకటి కలపండి: 3, 5, 17, 257, 65537, 4294967297. ఈ ఆరింటి లబ్ధం సరిగ్గా మల్లన సంఖ్యే! ఏ సంఖ్య వర్గంలోంచి ఒకటి తీసినా, ఆ సంఖ్యకు ముందుదీ తర్వాతిదీ హెచ్చించిన లబ్ధమే వస్తుంది. అదే సూత్రం మెట్టు మెట్టునా పనిచేసింది. లెక్క కట్టిన దారిలోనే కారణాంకాలున్నాయన్నమాట.

ఈ వరసలోని సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనని 17వ శతాబ్దంలో గణితజ్ఞుడు ఫెర్మా నమ్మాడు. మొదటి ఐదూ నిజంగా ప్రధాన సంఖ్యలే. ఆరోది 1732లో ఆయిలర్‌ చేతిలో విరిగింది. దాని కారణాంకమేదైనా 64తో భాగిస్తే ఒకటి మిగలాలి. అలా మిగిలే ప్రధాన సంఖ్యలు వరసగా 193, 257, 449, 577. ఇవేవీ భాగించవు. ఐదోది 641, అది భాగిస్తుంది. భాగఫలం 6700417 కూడా ప్రధాన సంఖ్యే. అలా మల్లన సంఖ్యలో ఏడు వేర్వేరు ప్రధాన సంఖ్యలు తేలాయి, వాటి కలయికలతో మొత్తం 128 భాజకాలు.

ఇక్కడికి వచ్చిన బడిపిల్లలు ఈ రాత్రి 4294967297ను 641తో కాగితం మీదే భాగించి చూడాలని కోరుతున్నాను.