మాగాణి పటము - నీటి లెక్క



ముప్పదియైదు సంవత్సరములు పల్లెటూరి బడులలో తెలుగును, సంస్కృతమును బోధించి విశ్రాంతి గొన్నవాడను. కావ్యములు చదివినవానికి నీటి లెక్కలతో పనియేమని మీరు శంకింపవచ్చును. అందులకు కారణమైన సంగతిని ముందుగా మనవి చేసెదను.

1990వ దశాబ్దమున నేను పనిచేసిన గ్రామములో ఒక చెఱువు కలదు. ఒక యేడు అది సగమే నిండినది. తూము దగ్గరి మడులవారు వరి నాటిరి. వారిని చూచి చివరి మడులవారును నాటిరి. సంక్రాంతి దాటిన పిమ్మట నీరు చాలక చివరి మడులు నెఱ్ఱెలు విచ్చినవి. వెన్ను తీయవలసిన పైరు నిలువున ఎండిపోయెను. రాత్రివేళ కాలువగట్లు తెగగొట్టుటయు, పగటివేళ పంచాయతీలును జరిగినవి. నా శిష్యుడొకడు ఆ వేసవిలో తండ్రితో కూడ కూలికై వలసపోయెను. బడి తెఱచిన తరువాత వాని చోటు ఖాళీగనే యుండెను.

ఆ దుఃఖము నన్ను పొలములోనికి నడిపించినది. పెద్ద తరగతి పిల్లలను అయిదుగురిని వెంటబెట్టుకొని, గ్రామపటమునకు నకలు వ్రాసికొని, గట్టుగట్టును తిరిగితిని. చెఱువునీటితో పండు మడికి నీలిరంగు, బావినీటితో పండు చేనికి ఆకుపచ్చ, వానను నమ్ముకొన్న చేనికి పసుపు వేసితిమి. పటము పూర్తియగుసరికి రెండు సంగతులు బయటపడినవి. లెక్కలలో మాగాణి యని యున్న కొన్ని మడులు ఏండ్ల తరబడి చెఱువునీరు చూచి యెఱుగవు. మెట్ట యని యున్న కొన్ని చేలు, కాలువ యొడ్డున ఇంజను పెట్టి తోడిన నీటితో కళకళలాడుచున్నవి. కాగితముమీది ఆయకట్టు వేఱు, నేలమీది ఆయకట్టు వేఱు!

పటమెందులకందురా? విస్తీర్ణము తెలిసిననే గాని నీటి వ్యయము తెలియదు. ఒక ఎకరములో ఒక అంగుళము నీరు నిలిపినచో అది సుమారు ఒక లక్ష లీటర్లు. వరికి పంటకాలమంతయు కలిపి నాలుగడుగుల నీరు పట్టుననియు, వేరుసెనగ వంటి ఆరుతడి పైరునకు ఒకటిన్నర అడుగు చాలుననియు స్థూలముగా ననుకొందము. చెఱువులో ఆవిరికిని, ఇంకుడునకును పోగా, మూడువందల ఎకరములపై ఒక్కొక్క అడుగెత్తున నిలుచునంత నీరు మిగిలినదనుకొనుడు. ఆ నీరు వరికైనచో డెబ్బదియైదు ఎకరములకే సరి. ఆరుతడికైనచో రెండువందల ఎకరములకు వచ్చును. ఈ గుణకారము నాటుటకు ముందు చేసికొన్న ఊరు సుఖపడును. నాటిన తరువాత చేసికొన్న ఊరు కొట్లాడుకొనును.

మేము కాలినడకను చేసిన పనిని నేడు ఉపగ్రహములు ఆకాశమునుండి చేయుచున్నవి. అమెరికావారు 1972లో లాండ్‌శాట్ వరుసలోని మొదటి ఉపగ్రహమును పంపిరి. మన దేశము 1988లో ఐ.ఆర్.ఎస్.-1ఏ అను దానిని పంపినది. 2015లో మొదలైన ఐరోపావారి సెంటినెల్-2 చిత్రములలో ఒక్కొక్క గడి పదిమీటర్ల చదరము. అనగా ఎకరమునకు సుమారు నలుబది గడులు. పచ్చని ఆకు, మన కంటికి కానరాని ఒక విధమగు వెలుగును మిక్కిలిగ త్రిప్పికొట్టును. దానినిబట్టి పైరున్న చోటును గుర్తింతురు. వానకాలమున మెట్టచేలును పచ్చగనే యుండును గనుక భ్రమ కలుగవచ్చును. కాని మాఘ ఫాల్గుణములలో వాన లేనివేళ పచ్చగానున్న చేనికి ఎవరో నీరు పెట్టుచున్నారని చాలవరకు తలపవచ్చును. ఒకే చేనిని నెలనెలయు చూచుటలోని రహస్యమిదియే.

ఆ చేను ఎంత నీరు త్రాగినదను ప్రశ్నకు ఇంకొక యుపాయము కలదు. మట్టికుండలోని నీరు ఏల చల్లబడును? కుండ చెమర్చి, ఆ చెమ్మ ఆవిరియగుచు వేడిమిని గొనిపోవును గనుక. పైరును అట్టిదే. నీరందిన మడి చల్లగనుండును, నీరందని మడి కాగును. ఉపగ్రహము ఆ వేడిమిని కొలుచును. ఎండవలన చేనికి దక్కిన వేడిమిలో నేలకు పోయినది, గాలికి పోయినది తీసివేయగా మిగిలినదే నీటిని ఆవిరిగ మార్చినదని శాస్త్రజ్ఞులు లెక్కగట్టుదురు.

అయినను ఆకాశనేత్రమునకును కొఱతలు కలవు. 2013లో ఎగిరిన లాండ్‌శాట్-8 కొలుచు వేడిమిపటములో ఒక గడి నూరుమీటర్ల చదరము, అనగా దాదాపు రెండున్నర ఎకరములు. ఆ గడిలో మనవారి చిన్న కమతములు రెండుమూడు కలిసిపోవును. మేఘములు క్రమ్మినచో పచ్చదనమును కానరాదు. రాడారు అను సాధనము మేఘముల మాటునుండియు చూడగలదు గాని, అది చూపిన నీటి మడి ఎవరి తూము క్రిందిదో చెప్పజాలదు. అది గట్టుమీద నడచువాడే చెప్పవలెను.

మఱియొక సూక్ష్మము గమనింపుడు. మడికి పెట్టిన నీరంతయు ఖర్చయినట్లు కాదు. కొంత ఇంకి, దిగువ బావిలో ఊటగ తేలును. ఆవిరియై పోయినదే మనకు తిరిగిరానిది. కాలువకు సిమెంటు పూసి నీరు మిగిల్చితిమని మురియునపుడు దిగువ బావి యెండినదేమో చూడవలెను. మిగిలినదన్న నీటితో పైన క్రొత్త మడులు తడిపినచో ఊరికి కలిగినది మిగులు గాదు, ఒకరి నీరు మఱియొకరికి మాఱినదంతే.

మా పటమును రచ్చబండపై పఱచినపుడు కొందఱు కోపించిరి. ఒక పెద్దరైతు మాత్రము చాలసేపు వంగి చూచి, "ఈ పసుపు మడులకు మా తాతలనాడు చెఱువునీరే పాఱెడిది" అనెను. ఆ మాటతో సభ నిశ్శబ్దమైనది. తరువాత చెఱువు వెలితిపడిన యేట తూము దగ్గరివారు సగము వరి, సగము ఆరుతడి వేయుట కంగీకరించిరి. చివరి మడులు పండినవి. ఆ బాలుడు మాత్రము మరల బడికి రాలేదు.

కావున పెద్దలకు నా విన్నపమొక్కటే. స్వాతికార్తె వెళ్లునాటికి చెఱువులో మిగిలిన నీరెంతయో తేలును. అప్పుడు గ్రామపటమును తెప్పించి, మూడురంగులు పిల్లల చేతికిచ్చి, వారితో మీరును గట్టుగట్టు నడువుడు. ఉపగ్రహ చిత్రము దొరకినచో దానిని ప్రక్కన బెట్టి పోల్చుడు. చివరి మడివాని యెదుట లెక్క చదివి, పిమ్మట నారు పోయుడు.