ఇంటికిని గిడ్డంగికిని నడుమ
(వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగము)



ఏటేట ఈ వేదికమీద పరీక్షాఫలితములను విన్నవించుట మాకు వాడుక. ఈ పర్యాయము వేరొక మాట చెప్పదలచితిమి. పిల్లవాడు బడికి నడచివచ్చు వీధిలో ఏమి నిలువయున్నదో తెలిసికొనుటయు పెద్దల విధియే.

గత వేసవిలో మన బడి వెనుకవీధియందు, ఒక నివాసగృహములో రంగుల వ్యాపారి యొకరు థిన్నరు పీపాలు నిలువచేయసాగిరి. థిన్నరు ఆవిరి కంటికి కానరాదు. గాలికంటె బరువగుటచే నేలబారున ప్రాకును. ప్రక్కయింటి పొయ్యి సోకినను మండును. ఇది యెరిగియు మేము కొన్నాళ్లు నోరు మెదపలేదు. ఏలయన, అచ్చట కూలి చేయువారిలో మన పిల్లల తండ్రులును గలరు.

అప్పుడు మాకు విశాఖపట్టణము జ్ఞప్తికి వచ్చినది. వేంకటాపురమువద్ద 1961లో పాలిమర్ కర్మాగారము వెలసినప్పుడు అది ఊరి వెలుపలిది. పిదప పట్టణము పెరిగి, ఇండ్లు దాని గోడదాక వచ్చినవి. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున, చల్లగా నుంచవలసిన స్టైరీను తొట్టిలో వేడెక్కి ఆవిరియై, నిదురించు ఇండ్లపై క్రమ్మినది. పన్నెండుగురు మరణించిరి. కర్మాగారము ఇండ్లయొద్దకు రాలేదు. ఇండ్లే దాని యొద్దకు పోయినవి. చౌక స్థలమును, పనికి దగ్గర బసయును పేదవాని నట్లే లాగును.

ఇట్టి కీడును నివారించుటకే పట్టణములకు బృహత్ ప్రణాళికలు ఏర్పడినవి. 2008లో అమలునకు వచ్చిన చెన్నపట్టణపు రెండవ ప్రణాళికలో నివాసమునకు, వాణిజ్యమునకు, పరిశ్రమలకు వేరువేరు మండలములు కలవు. అపాయకరమైన పరిశ్రమలకు ప్రత్యేక మండలమే కలదు. అట్లే 2020 జనవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి, క్రొత్త పెట్రోలు బంకులు బడులకు 50 మీటర్ల దూరమున నుండవలెననియు, చోటు చాలనిచో అదనపు రక్షణలతో 30 మీటర్లకైనను తగ్గరాదనియు నిర్దేశించినది. ఆ దూరము వ్యాపారిపై పగ గాదు. నిప్పునకును పసివారికిని నడుమ విడిచిన చోటు.

తుదకు నలుగురు తండ్రులను వెంటబెట్టుకొని మేము ఆ వ్యాపారి యింటికి పోతిమి. ఫిర్యాదు వ్రాయలేదు, ప్రణాళిక పటమును ముందుంచితిమి. ఆయన రెండు నెలల గడువు కోరి, పీపాలను పారిశ్రామికవాడకు తరలించిరి. మనవారి కూలి పోలేదు; బస్సు ఖర్చు మాత్రము పెరిగినది. ఆ ఖర్చు చిన్నదని మేమనజాలము. అందుచేత ఈ సంవత్సరము ఆ పిల్లల పుస్తకముల భారమును ఉపాధ్యాయులమందరము పంచుకొంటిమి.

తల్లిదండ్రులకు మా మనవి రెండే. ఇల్లు కొనునప్పుడుగాని, అద్దెకు దిగునప్పుడుగాని ఆ స్థలము ఏ మండలములోనిదో, ప్రక్క గోడ వెనుక నేమున్నదో అడుగుడు. మీరే దుకాణమో, గిడ్డంగియో పెట్టదలచినచో అనుమతి పొందిన పిదపనే సరకు దింపుడు. కార్యాలయపు కాగితములు తమిళముననో, ఆంగ్లముననో యుండునని వెనుదీయకుడు. వానిని తెచ్చినచో, సాయంకాలము బడిలో కూర్చుండి చదివి తెలుగున చెప్పుటకు మేము సిద్ధముగా నున్నాము.

మీ బిడ్డలను ఉదయము మాకప్పగించుచున్నారు. సాయంకాలము వారిని క్షేమముగా మీకప్పగించుటకు బడిగోడ యొక్కటే చాలదు. దాని చుట్టునున్న వీధిని మనమందరము కాచుకొందము.