పిల్లల మాట, పెద్దల ఫైలు: బాలల రక్షణలో భాషాచారాల చిక్కులు



ఒక తెలుగు బాలిక ఢిల్లీలో దారి తప్పి అధికారుల ఎదుటికి వచ్చినదనుకోండి. “మామయ్య ఇంట్లో ఉంటున్నాను” అంటుంది. దుబాసీ దానిని హిందీలో “మామా” అంటాడు. మాట మారలేదు, అర్థం మారిపోయింది. హిందీ ఇళ్లలో వరసకు మామా అంటే తల్లి సోదరుడు. తెలుగువారికి ఆ పిలుపు మేనమామకు, మేనత్త భర్తకు, భర్త తండ్రికి కూడా చెల్లుతుంది. మేనమామనే పెళ్లాడే ఆచారం కూడా మనలో ఉన్నది. ఆ బాలిక చుట్టాల ఇంట ఉన్నదా, అత్తవారింట ఉన్నదా? రెండవదైతే అది బాల్యవివాహం. ఈ ఒక్క ప్రశ్న అడగకపోతే ఫైలులో “బంధువుల సంరక్షణలో ఉన్నది” అని పడుతుంది.

బాలల రక్షణకు పూనుకొనే సామాజిక కార్యకర్త ముందు ఎప్పుడూ రెండు గోతులు ఉంటవి. పరాయి ఆచారాన్ని నేరంగా ఎంచడం ఒకటి. నేరాన్ని ఆచారంగా ఎంచి ఊరుకోవడం రెండవది.

మొదటి దానికి నార్వే ఉదంతాన్ని తరచుగా చెబుతారు. 2011లో స్టావంగర్ నగరంలో ఒక భారతీయ దంపతుల ఇద్దరు పసిపిల్లలను అక్కడి బాల సంక్షేమ అధికారులు తమ ఆధీనంలోకి తీసుకున్నారు. చేతితో అన్నం తినిపించడాన్ని, పిల్లవాణ్ణి పక్కలో పడుకోబెట్టుకోవడాన్ని కూడా తప్పుపట్టారని తల్లిదండ్రులు చెప్పారు. ఆచార భేదం కారణం కాదని అధికారులు అన్నారు. గోప్యతా నియమం వల్ల కారణాలు మాత్రం వెల్లడించలేదు. 2012 ఏప్రిల్‌లో పిల్లలు తండ్రి సోదరుని వెంట స్వదేశం చేరారు. ఎవరి మాట ఎంత నిజమో బయటివారు తేల్చగలిగినది కాదు. కాని గోరుముద్దలు కూడా నివేదికకు ఎక్కవచ్చునన్న భయం ప్రవాస కుటుంబాలలో పుట్టింది. భయపడిన కుటుంబం నిజంగా సహాయం కావలసినప్పుడు కూడా తలుపు తీయదు. ఆ నష్టం పిల్లలదే.

రెండవ పొరపాటు ఇంకా దారుణమైనది. ఐవరీ కోస్ట్ దేశం నుంచి బంధువు వెంట వచ్చిన ఎనిమిదేళ్ల బాలిక ఒకతె 2000 ఫిబ్రవరిలో లండన్‌లో మరణించింది. ఆమె దేహంపై 128 గాయాలు కనిపించినవి. లార్డ్ లామింగ్ విచారణ నివేదిక 2003లో వెలువడింది. ఆ బాలిక తన్ను పెంచుతున్నవారి ఎదుట కొయ్యబారి నిలబడేది. సామాజిక కార్యకర్త దానిని ఆఫ్రికా సంతతి కుటుంబాలలో పెద్దలపట్ల ఉండే గౌరవంగా భావించింది. కన్న తల్లిదండ్రుల ఎదుట ఆ బాలిక అలా నిలబడేది కాదని విచారణలో తేలింది. గౌరవమనుకున్నది భయం. “వాళ్లలో అంతే” అనుకోవడం పైకి ఔదార్యంలా కనిపిస్తుంది. ఆ పసిదాని విషయంలో అది కళ్లు మూసుకోవడమే అయింది.

ఇవి విదేశాల సంగతులు గదా అని నిశ్చింతగా ఉండడానికి లేదు. ఇన్ని భాషలున్న మన దేశంలో జిల్లా దాటితేనే ఈ చిక్కు ఎదురవుతుంది. 2015 జనవరిలో హైదరాబాదు పాతబస్తీలోని గాజుల తయారీ కేంద్రాల నుంచి 200 మందికి పైగా బాలలను పోలీసులు విడిపించారు. వారిలో అత్యధికులు బీహారు పిల్లలు. హైదరాబాదులో హిందీ, ఉర్దూ తెలిసినవారికి కొదవ లేదు కనుక భాషతో ఇబ్బంది ఉండదని తోస్తుంది. కాని గయ ప్రాంతపు పల్లెల్లో ఇంటి భాష మగహీ, దర్భంగా వైపు మైథిలి, పశ్చిమాన భోజ్‌పురి. బడి ముఖం సరిగా చూడని పిల్లవాడికి కార్యాలయపు హిందీ సగం పరాయి భాషే. అడిగినదానికల్లా “జీ” అంటాడు. ఆ “జీ”ని ఒప్పుకోలు అనుకోరాదు.

పని చేయించుకొనేవాణ్ణి “చాచా” అని పిలవడం అటువంటి పిల్లలకు సహజం. చాచా అంటే పినతండ్రి. ఆ మనిషి ఒకే ఊరివాడు కావచ్చు, తండ్రికి ముందుగా సొమ్ము ఇచ్చి పిల్లవాణ్ణి తెచ్చినవాడూ కావచ్చు. పిలుపును బట్టి చుట్టరికం రాసుకుంటే, విడిపించిన పిల్లవాణ్ణి మళ్లీ ఆ చేతికే అప్పగించినట్లవుతుంది.

చట్టాలలో లోటు పెద్దగా లేదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం అటువంటి పిల్లవాణ్ణి, ప్రయాణ కాలం మినహాయించి, 24 గంటలలో బాలల సంక్షేమ సమితి ఎదుట ఉంచాలి. విచారణ జరిపి స్వస్థలపు సమితికి పంపే వీలున్నది. 2012 నాటి పోక్సో చట్టం లైంగిక నేరాలకు గురైన పిల్లలకు అవసరమైతే అనువాదకుని సహాయం కల్పించమన్నది. 1992లో భారతదేశం అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడిక, కుటుంబానికి దూరమైన శిశువు భాషను, సంస్కృతిని గమనించవలసినదని చెబుతున్నది. అయితే రాత్రి పదకొండు గంటలకు మగహీ తెలిసిన దుబాసీ దొరకడం వేరే సంగతి. అప్పుడు పక్కనున్న పెద్ద పిల్లవాడిచేతనో, వెతుక్కుంటూ వచ్చిన “చాచా”చేతనో మాట్లాడించడం సులభం. సరిగ్గా అదే చేయరాని పని.

మరి ఆచారానికి ఎంతవరకు చోటివ్వాలి? మేనరికాన్నే తీసుకోండి. ఉత్తరాదివారికి అది వింత. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఆచారముంటే దానికి అనుమతి ఇచ్చింది. కాని 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ఆడపిల్లకు 18 ఏళ్లు నిండాలన్నది. ఎవరిని పెళ్లాడాలన్న దానిలో ఆచారానికి చోటున్నది, ఏ వయసులో అన్న దానిలో లేదు. ఈ తేడా తెలిసిన కార్యకర్త ఆ కుటుంబాన్ని అవమానించకుండానే పెళ్లిని ఆపగలుగుతాడు.

తెలంగాణ ఇటుక బట్టీల దగ్గర ఒడిశా వలస కూలీల పిల్లలకు ఒడియా బోధకులతో బడులు నడిచినవి. చదువు కోసమే పెట్టినా, అటువంటి చోట పిల్లలు తమ భాషలో బాధ చెప్పుకోవడానికి ఒక మనిషి దొరుకుతాడు. అన్ని చోట్లా అది సాధ్యం కాకపోవచ్చు. ఒకటి మాత్రం ఏ కార్యాలయంలోనైనా జరగవచ్చు: పిల్లవాడు అన్న మాటను అన్నట్లే రాసి, అనువాదాన్ని దాని పక్కన రాయడం. బీహారు పిల్లవాడి మాటను దేవనాగరి లిపిలో కూడా రాసి వెంట పంపితే, గయలోని సమితి దానిని చదివి, ఈ చాచా ఎవరో ఊళ్లో విచారిస్తుంది.