ఎం.ఎస్.డబ్ల్యూ చదివితే ఏమొస్తది?

ఈ వారం టాపిక్ మా ఇంట్లోనే దొరికింది. మా చిన్నమ్మ బిడ్డ డిగ్రీ అయినంక ఎం.ఎస్.డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ చేస్తా అంది. ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "అది చదివితే ఏమొస్తది? అన్న లెక్క సాఫ్ట్‌వేర్ల చేరు." ఆ అన్న నేనే. సాఫ్ట్‌వేర్ వదిలేసి ఇట్ల మీ ముందు కూసున్నా!

చెల్లె వినలే, చదివింది. మొదటి జాబ్ ఒక చిన్న సంస్థలో. జీతం మూడు నెలలు లేటు. అప్పుడే మహబూబ్‌నగర్ దిక్కు ఒక ఊర్లో పదో తరగతి అమ్మాయికి పెళ్లి కుదిరిందని తెలిసింది. 18 నిండకుండా పెళ్లి చేస్తే నేరం. ఆ మాట ఎవరైనా చెప్తరు. చెల్లె మాత్రం తల్లి పక్కన కూసొని, ఎందుకు చేస్తున్నవమ్మా అని అడిగింది. "మేము పనికి పుణె పోతే పిల్లను ఎవరి దగ్గర ఇడిసిపెట్టాలె బిడ్డా?" అంది ఆ తల్లి. కస్తూర్బా బాలికా విద్యాలయంలో సీటు దొరికింది, పెళ్లి ఆగింది. ఈ చదువు నేర్పేది అదే: కారణం వెతకడం.

ఇక జాబ్‌లు. జువెనైల్ జస్టిస్ చట్టం, 2015 ప్రకారం ప్రతి జిల్లాకు బాలల పరిరక్షణ విభాగం ఉండాలె. పాత పాలమూరు ఇప్పుడు 5 జిల్లాలు, పాత నల్గొండ 3. 1098 హెల్ప్‌లైన్, మహిళల కోసం సఖి సెంటర్లు, ఆసుపత్రుల్లో కౌన్సెలర్, కంపెనీల సీఎస్ఆర్, ఎన్జీవోలు కూడా ఉన్నయి. మానసిక వైద్యంలో సైకియాట్రిక్ సోషల్ వర్కర్ కావాలంటే ఎం.ఎస్.డబ్ల్యూ తర్వాత అందులోనే రెండేళ్ల ఎం.ఫిల్ ఉండాలని 2017 చట్టం చెప్తది.

సీటు కోసం సీపీగెట్ రాయాలె. పాలమూరు యూనివర్సిటీ, హైదరాబాద్‌లో రోడా మిస్త్రీ కాలేజీ చూడండి.

నిజం కూడా చెప్పాలె. చాలా పోస్టులు కాంట్రాక్టువే, మొదట్లో జీతం తక్కువ. అందుకే చేరే ముందు జీతం ఎవరిస్తరు, ప్రాజెక్ట్ ఎన్నాళ్లు ఉంటది అని అడగండి. ఫీల్డ్ వర్క్‌ను సంతకాల కోసం చేయకండి. రిపోర్టులు మంచిగ రాయడం, ఎక్సెల్ నేర్చుకోండి.

ఇంకోటి, మన యాసను తక్కువ చేసుకోకండి. మర్రిగూడలో ఫ్లోరైడ్‌తో నడుము వంగిన తాత మనసు విప్పేది ఆ యాసలోనే.

చెల్లెకు ఇప్పుడు జీతం నెలనెలా వస్తుంది. ఎక్కువేం కాదు. కానీ పోయిన దసరాకు చిన్నమ్మే, "మా బిడ్డ పెళ్లి ఆపింది" అని వాడంతా చెప్పుకుంది. మీ డౌట్లు కామెంట్లో పెట్టండి. ఉంటా మరి!