దారము కట్టిన కొయ్యజంతువులు
(నందిగామలో జరిగిన కుటుంబ కూటములో చేసిన ప్రసంగపాఠము)



"తీరిక వేళల సద్వినియోగము" అను అంశముపై మాటలాడమని నన్ను కోరినారు. తీరికలో నేను చేయు పని ఒక్కటే. పాత కొయ్యబొమ్మలు, అందులోను దారము లాగితే కదలు జంతువుల బొమ్మలు కూడబెట్టుట. ఈ మాట వినగానే కొందరు నవ్వుదురు. "అయ్యగారూ, పిల్లలాడుకొను బొమ్మలు మీకెందుకండీ?" అని అడిగినవారు మీలోనే ఉన్నారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుటయే ఈనాటి నా ప్రయత్నము.

కొయ్యబొమ్మ అనగానే మనకు కొండపల్లి గుర్తుకు వచ్చును. నందిగామ నుండి బెజవాడ పోవు బస్సులో ఇబ్రహీంపట్నంలో దిగినచో కొండపల్లి దగ్గరలోనే ఉన్నది. 2022 ఏప్రిల్ నుండి మన ఊళ్ళును, కొండపల్లియు ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి గాని, పెద్దవారి నోట ఇంకను కృష్ణా జిల్లాయే. అక్కడి పనివారు తెల్లపొణికి అను తేలికైన కొయ్యను సన్నని సెగపై ఆరబెట్టి తేమ పోగొట్టుదురు. కాళ్లు, తల, తోక వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండియు రంపపు పొట్టును కలిపిన మక్కుతో అతికించి, సున్నము పూసి, రంగులు వేయుదురు. అంబారీ ఏనుగు, ఎద్దుబండి, తాడిచెట్టు ఎక్కుచున్న గీతగాడు మీరందరు చూచినవే. అయితే కొండపల్లి బొమ్మ ముఖ్యముగా చూచుటకు చేసిన బొమ్మ. కొలువులో నిలబడును గాని, మెత్తని కొయ్య గనుక నేలమీద ఈడ్చితే ఎక్కువకాలము ఓర్వదు.

ఆటకు గట్టిగా నిలుచునది ఏటికొప్పాక బొమ్మ. ఆ ఊరు ఇప్పటి అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఉన్నది. అంకుడు కర్రను గిరగిర త్రిప్పుచు ఉలితో గుండ్రముగా దిద్దుదురు. ఆ తిరుగుచున్న కర్రకే లక్కను అదిమిపట్టగా, రాపిడి వేడికి లక్క కరిగి రంగు పట్టును. విత్తనములు, బెరళ్లు, వేళ్లనుండి తీయు రంగులను అక్కడ మరల వాడుకలోనికి తెచ్చిన శ్రీ సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చినది. 2025 గణతంత్ర దినోత్సవమునాడు ఢిల్లీలో మన రాష్ట్ర శకటము ఈ ఏటికొప్పాక బొమ్మలదే.

మూడవ రకమునకు పేరు లేదు. అది మన మెట్ట గ్రామములలోని వడ్రంగి చేసినది. బండిచక్రము చేయగా మిగిలిన తుమ్మముక్క, తలుపు చేయగా మిగిలిన టేకుముక్క తీసికొని, ఇంటి పిల్లవానికో, కామందుగారి మనుమరాలికో ఒక గుఱ్ఱము, ఒక కుందేలు, ఒక ఎద్దు చెక్కి చక్రములు పెట్టి దారము కట్టి ఇచ్చెడివాడు. పెనుగంచిప్రోలు తిరునాళ్లలో కొన్న బొమ్మను ఇరుగుపొరుగువారు చూపగా, దానిని చూచి మరియొకటి చేసెడివాడు. ఇవి ఏ ప్రదర్శనశాలలోను లేవు. అటకల మీదను, గాదెల వెనుకను ఉన్నవి. నేను వెదకునవి ఇవే.

దారము చేయు పని మూడు విధములు. మొదటిది, లాగుట. చక్రమునకు ఇరుసు రంధ్రము నడిమధ్యన పెట్టినచో బొమ్మ సాఫీగా పోవును. దానిని వ్రేలెడులో పావువంతు ప్రక్కకు జరిపినచో కుందేలు ఎగిరెగిరి పోవును, బాతు అటునిటు ఊగుచు నడచును. ఒక ముసలి వడ్రంగి నాతో, "అయ్యగారూ, బండికి తప్పైనది బొమ్మకు ఒప్పండి" అన్నాడు. ఆ తేడా తెలిసిన చేతిని నేను పండితుని చేయి అందును. రెండవది, బరువు. చేతిపిడి గల పలకమీద నాలుగైదు కోళ్లు, ప్రతి కోడి మెడనుండి ఒక దారము పలక రంధ్రముగుండా క్రిందికి దిగి, అన్నియు ఒక కొయ్యగుండుకు ముడిపడును. గుండును గుండ్రముగా త్రిప్పగా ఒకదాని తరువాత ఒకటి టకటకమని గింజలు పొడుచును. మూడవది, బిగువు. రెండు దారములను బిగించి లాగగా కోతి చెట్టెక్కినట్లు పైకి ప్రాకును.

ఈ తెలివి నిన్న మొన్నటిది కాదు. మొహెంజొదారోలో తల విడిగా చేసి, దారముతో ఊగునట్లు అమర్చిన మట్టి ఎద్దుబొమ్మ దొరికినది. దాని వయస్సు సుమారు నాలుగు వేల సంవత్సరములు. ఐగుప్తులోని తీబ్స్ పట్టణమున దొరికిన కొయ్యపిల్లి లండను బ్రిటిష్ మ్యూజియములో ఉన్నది. దారము లాగితే దాని క్రింది దవడ ఆడును. అది మూడు వేల ఏండ్లకు పైబడినది. జర్మనీ దేశములో సైఫెన్ అను కొండ ఊరిలో గనులు క్షీణించగా గనిపనివారు బొమ్మల పనికి దిగినారు. కొయ్యను ఉంగరమువలె త్రిప్పి చెక్కి, రొట్టె కోసినట్లు ముక్కలు కోయగా, ప్రతి ముక్కయు ఒక జంతువగును. అక్కడినుండి పంతొమ్మిదవ శతాబ్దమున నోవహు ఓడ బొమ్మలు ఇంగ్లండు వెళ్లెడివి. ఆదివారమున ఇతర ఆటలు నిషేధించిన భక్తిపరుల ఇండ్లలో సహా ఆ ఒక్క బొమ్మకు సెలవుండెడిది, అది బైబిలు కథ గనుక.

ఇక మీలో ఎవరికైనను ఈ ఆసక్తి కలిగినచో నాలుగు మాటలు చెప్పెదను.

మొదట, బొమ్మకంటె ముందు దాని కథను వ్రాసికొనండి. ఎవరు చేసిరి, ఏ కొయ్య, ఏ ఊరు, ఎవరు ఆడుకొనిరి. పేరు పోయిన బొమ్మ కట్టెముక్కతో సమానము.

రెండవది, పాత రంగు గీకవద్దు, క్రొత్త రంగు పూయవద్దు. తడిగుడ్డ తగిలించవద్దు, మక్కు ఊడిపోవును. మెత్తని పొడిగుడ్డ చాలును. క్రింద సన్నని పిండి రాలుచున్నదంటే పుచ్చు పట్టినదని అర్థము, దానిని మిగిలినవాటినుండి వేరుచేయండి. చివికిన దారమును తీసి, అంతే లావుగల నూలుదారము వేయండి. నైలాను దారము కొయ్య రంధ్రమును కోయును. తీసిన పాత దారమును పారవేయక కాగితములో చుట్టి దాచండి.

మూడవది, కూడబెట్టుట అనగా తెచ్చుకొనుట మాత్రమే కాదు. జగ్గయ్యపేట దగ్గర ఒక పల్లెలో ఒక పెద్దమ్మగారి ఇంట చక్రముల గుఱ్ఱమును చూచితిని. ఒక చెవి విరిగినది, దారము మాత్రము క్రొత్తది. ఎంతకిచ్చెదరని అడుగగా, "నా పెద్దోడిదయ్యా. ఆరో ఏట జొరమొచ్చి పోయాడు. ఏటేటా దారం మారుస్తా" అన్నది. నేను కొలతలు వ్రాసికొని, ఫోటో తీసికొని, గుఱ్ఱమును దాని చోటనే పెట్టి వచ్చితిని. నా పుస్తకములో దానికి సంఖ్య ఉన్నది, నా బీరువాలో అది లేదు. నా దగ్గరున్న బొమ్మలన్నిటిలోను అదియే మేలైనది.

నాలుగవది కష్టమైనది. బొమ్మను అద్దాల బీరువాలో పెట్టితే అది నిలుచును గాని, అది దేనికొరకు పుట్టినదో ఆ పని ఆగిపోవును. పిల్లల చేతికిస్తే పని జరుగును గాని బొమ్మ నిలువదు. పైగా పాత ఎనామిలు రంగులలో సీసము ఉండవచ్చును. ఇండ్లకు వాడు రంగులలో సీసము పది లక్షల పాళ్లలో 90 పాళ్లు మించరాదని మన దేశములో నియమము అమలులోనికి వచ్చినది 2017 నవంబరు 1న మాత్రమే. నోట పెట్టుకొను పసివానికి తాతనాటి రంగుబొమ్మ ఇవ్వరాదు. మరి ఏమి చేయవలెను?

నేను కనుగొన్న దారి ఇది. పాతదానిని దాచి, దాని నమూనాతో క్రొత్తది చేయించుట. మన ఊళ్ళలో ఇంకను వడ్రంగులున్నారు. ఇనుప తలుపులు, ప్లైవుడ్డు వచ్చి వారికి పని తగ్గినది. పాత కుందేలును వారి ముందు పెట్టి, "ఇటువంటిది ఒకటి, రంగు లేకుండ" అని అడిగిచూడండి. ఇరుసు రంధ్రము ఎక్కడ పెట్టవలెనో వారి చేయి మరల నేర్చుకొనును. కొండపల్లిలోను తెల్లపొణికి దొరకుట కష్టమగుచున్నదని పనివారు చెప్పుచున్నారు. పాతవాటిని మెచ్చుకొని క్రొత్తవాటిని కొననివాడు కళను కాపాడినవాడు కాడు. అందుకే నేను ఒక పాత బొమ్మ తెచ్చినప్పుడెల్ల పనివారియొద్ద ఒక క్రొత్త బొమ్మ కొనవలెనని నియమము పెట్టుకొంటిని. ఆ క్రొత్తవి మన ఆదివారపు బడి పిల్లలయొద్ద ఉన్నవి. కొన్నిటి చక్రములు అప్పుడే ఊడినవి. ఊడవలసినవే.

"పిల్లల బొమ్మలు మీకెందుకు" అనినవారికి ఇదే నా జవాబు. బొమ్మ కొరకు కాదు, అది చేయగల చేయి మన మధ్య మిగులవలెనని. ఈ వారము ఇంటికి వెళ్లిన తరువాత అటకమీద ఒకసారి చూడండి. దొరికినచో పొయ్యిలో పెట్టకముందు నాకు కబురు చేయండి. నేను తీసికొనిపోను, వ్రాసికొందును.