మావళ్ళి వంటశాల యజ్ఞనారాయణ మయ్య



సభలలో వంటవారిని స్మరించుట అరుదు. నేడు నేను అట్టి యొకరిని తలచుకొనుచున్నాను. ఉడుపి ప్రాంతమునుండి బెంగుళూరు చేరిన మయ్య సోదరులు 1924లో లాల్‌బాగ్ చెంత ఒక చిన్న కాఫీ హోటలు తెరచిరి. దానిని పెంచి పెద్దచేసినవారు యజ్ఞనారాయణ మయ్యగారు. ఎం.టి.ఆర్., అనగా మావళ్ళి టిఫిన్ రూమ్స్, అను పేరు 1960లో వచ్చినది.

రెండవ ప్రపంచయుద్ధకాలమున బియ్యము కరవైనది. ఇడ్లీయే ఆధారమైన హోటలునకు బియ్యము లేకున్న గతి యేమి? వారు గోధుమరవ్వను పెరుగుతో కలిపి, పోపు చేర్చి, ఆవిరిపై ఉడికించి చూచిరి. రవ్వ ఇడ్లీ అట్లు పుట్టినదని ఆ సంస్థవారి మాట. నేడు మన తెలుగు ఇండ్లలో అది పొరుగు రాష్ట్రపు వంటయని ఎవరికిని తోచదు.

1951లో ఐరోపా వెళ్ళి, అచ్చటి భోజనశాలల శుభ్రత చూచి వచ్చి, పాత్రలను శుద్ధిచేయు పద్ధతిని తమ హోటలులో నెలకొల్పిరి. వంటగదిని చూడగోరిన అతిథికి అడ్డులేదు. చాటున కల్తీ చేయువానికి ఇంత ధైర్యముండదు గదా!

1968లో వారు కన్నుమూసిరి. 1975–77 నాటి అత్యవసర పరిస్థితిలో ధరల నియంత్రణవలన నష్టము వచ్చి హోటలు మూతపడగా, తరువాతివారు పనివారిని వీధిపాలు చేయక, తినుబండారముల పిండి మిశ్రమములు తయారుచేయించి అమ్మిరి.